పిల్లల ఆశలు – తల్లిదండ్రుల చేతిలోని అమానత్

దివ్యఖుర్ఆన్‌లో ఒక పూర్తి సూరా ఒక పిల్లవాడి కలతో మొదలవుతుంది. బాలుడైన హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) తన తండ్రి హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దగ్గరికి వస్తారు. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తన ముందు సాష్టాంగపడటం కలలో చూశానని చెబుతారు. ఆ కల విన్న తండ్రి ఏం చేశారో మనం శ్రద్ధగా గమనించాలి (సూరా యూసుఫ్ 12:4–6).

ఆయన నవ్వి కొట్టిపారేయలేదు. ముందు పని చూసుకో, కలలు తరువాత అనలేదు. ప్రేమగా పిలిచి, చివరిదాకా విన్నారు. కలను ఎవరికి చెప్పకూడదో హెచ్చరించి, అసూయ నుంచి కాపాడే ప్రయత్నం చేశారు. ఆ తరువాత ప్రభువు నిన్ను ఎన్నుకుంటాడు, నీకు జ్ఞానం నేర్పుతాడు, తన అనుగ్రహాన్ని నీపై పూర్తి చేస్తాడు అని ధైర్యం చెప్పారు. అంటే వినటం, కాపాడటం, అల్లాహ్ వైపు తిప్పటం అనే మూడు పనులు చేశారు.

హజ్రత్ యూసుఫ్ (అ) చూసినది దైవం తరఫున వచ్చిన స్వప్నం. మన పిల్లల కోరికలు ఆ కోవకు చెందినవి కావు. అయినా పిల్లవాడు తన మనసులోని మాటను తీసుకొచ్చి తండ్రి ముందు పెట్టినప్పుడు ఆ తండ్రి ఎలా ప్రవర్తించాలి అనే పాఠం మాత్రం ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. ఈ పాఠాన్ని గోదావరిఖని, రామగుండం ప్రాంతంలోని మన ఇళ్లలో పెట్టి చూసుకుందాం.

ఆశ అంటే ఏమిటి?

సోదర సోదరీమణులారా! కొందరు సోదరులకు ఒక సందేహం వస్తుంది. ఆశలు పెంచుకోవద్దని కదా ధర్మం చెబుతుంది, మరి పిల్లలకు ఆశలు నేర్పటం ఏమిటి? ఈ సందేహానికి జవాబు తెలుసుకోవటం అవసరం.

మహాప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి నేల మీద ఒక చతురస్రం గీశారు. దాని మధ్య నుంచి ఒక గీతను బయటికి పొడిగించారు. చతురస్రం మనిషిని చుట్టుముట్టిన మృత్యువు అనీ, దాన్ని దాటి బయటికి పోయిన గీత మనిషి ఆశ అనీ వివరించారు (బుఖారీ). మరణాన్ని, పరలోకాన్ని మరపించే ఇలాంటి దురాశను ఉలమాలు ‘తూలె అమల్’ అన్నారు. ధర్మం ఖండించింది దీన్నే.

ధర్మం నేర్పే ఆశ వేరు. దాని పేరు ‘రజా’. అల్లాహ్ కారుణ్యంపై నమ్మకం ఉంచి, చేయవలసిన పని చేస్తూ, మంచి ఫలితం కోసం ఎదురుచూడటమే రజా. ప్రళయం ముంచుకొస్తున్న వేళ కూడా చేతిలో మొక్క ఉంటే, వీలైతే దాన్ని నాటమని దైవప్రవక్త (స) బోధించారు (ముస్నద్ అహ్మద్). ఫలం తింటానో లేదో తెలియకపోయినా మొక్క నాటే మనసే రజా.

సహీహ్ ముస్లింలోని మరో హదీసు సారాంశం ఇది: నీకు లాభం కలిగించేదాని కోసం పట్టుదలతో ప్రయత్నించు, అల్లాహ్ సహాయం కోరు, చేతకానివాడిలా కూర్చోకు, ఏదైనా నష్టం జరిగితే అలా చేసి ఉంటే బాగుండేదని కుమిలిపోకు, ఆ మాట షైతాన్‌కు తలుపు తెరుస్తుంది. గమ్యం, శ్రమ, దైవసహాయం, ఓటమిలో ఓర్పు అనే నాలుగూ ఈ హదీసులో ఉన్నాయి.

ఈ కాలపు మనస్తత్వ శాస్త్రం కూడా దీనికి దగ్గరలోనే ఉంది. అమెరికాకు చెందిన సి.ఆర్. స్నైడర్, ఆయన సహచరులు పిల్లల ఆశను కొలిచేందుకు ఆరు అంశాల పట్టికను 1997లో ప్రచురించారు. వారి వివరణ ప్రకారం ఆశ అంటే ఉత్త కోరిక కాదు. పిల్లవాడికి ఒక గమ్యం ఉండాలి, దాన్ని చేరగలననే నమ్మకం ఉండాలి, చేరటానికి దారులు తెలియాలి. ఒక దారి మూసుకుపోతే మరో దారి వెతకటం తెలిసి ఉండాలి. ఇలాంటి ఆశ ఎక్కువగా ఉన్న పిల్లల్లో తమపై తమకు గౌరవం ఎక్కువగా, దిగులు తక్కువగా ఉంటాయని ఆ పరిశోధనల్లో తేలింది. అంటే పిల్లవాడి ఆశ రేపటి ఉద్యోగానికి మాత్రమే సంబంధించినది కాదు. ఈ రోజు వాడి మనసు ఆరోగ్యంగా ఉండటానికి కూడా అదే ఆధారం.

బొగ్గుబావుల ఒడ్డున పెరిగే పిల్లలు

ఇక మన ప్రాంతం సంగతి. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ప్రస్తుతం అందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. గోదావరి ఒడ్డున గనులు తెరిచాక పల్లెల నుంచి వేలాది కుటుంబాలు ఇక్కడికి వచ్చి చేరాయి. మన కుటుంబాలు కూడా వాటిలో ఉన్నాయి. తాత తట్ట మోశాడు, తండ్రి టబ్బులు తోశాడు, కొడుకు క్యాప్ ల్యాంప్ పెట్టుకున్నాడు. మూడు తరాలు ఒకే బావిలో దిగిన ఇళ్లు ఉన్నాయి.

ఇలాంటి ఊళ్లో పిల్లవాడి ఆశ అంతా చాలాకాలం ఒక్క మాటలో ఉండేది: ‘అబ్బా ఉద్యోగం నాకు వస్తుంది.’ ఆ భరోసా వల్ల ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. దాన్ని చిన్నచూపు చూడకూడదు. బావిలో దిగి చెమటోడ్చి సంపాదించిన అన్నం పవిత్రమైన అన్నం. తన చేతి కష్టంతో సంపాదించి తిన్న తిండి కంటే మేలైనది లేదనీ, దైవప్రవక్త దావూద్ (అ) కూడా తన చేతి కష్టంతోనే తినేవారనీ మహాప్రవక్త (స) తెలిపారు (బుఖారీ).

అయితే పరిస్థితి మారింది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇటీవలి సంవత్సరాల్లో సుమారు 40 వేలకు తగ్గింది. బొగ్గు మాత్రం తగ్గలేదు. 2023–24లో కంపెనీ దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మనుషులు చేసే పనిని యంత్రాలు చేస్తున్నాయి. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత, సర్వీసులో ఉండగా మరణించిన లేదా వైద్య కారణాలతో పనికి అనర్హులైన కార్మికుల వారసులకు కారుణ్య నియామకాలు అమలులోకి వచ్చాయి.

పొరుగునే ఉన్న ఎరువుల కర్మాగారం కూడా ఇదే పాఠం చెబుతుంది. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ కర్మాగారం 1999లో మూతపడింది. మళ్లీ కొత్త కర్మాగారంలో ఉత్పత్తి మొదలయ్యేసరికి 2021 వచ్చింది. ఈ మధ్యలో ఒక తరం పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యారు. పైగా 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని మన దేశం 2021లో ప్రకటించింది. ఈ రోజు మూడో తరగతి చదివే పిల్లవాడు ఇంకా పని చేసే వయసులో ఉండగానే ఆ సంవత్సరం వస్తుంది. కాబట్టి ఒక్క గేటు మీదే చూపు నిలిపి పిల్లవాణ్ణి పెంచటం తెలివైన పని కాదు.

తండ్రి జబ్బుపై నిలిచిన ఆశ

ఇక్కడ చెప్పక తప్పని మాట ఒకటుంది. ఎవరినీ నొప్పించాలని కాదు, మనల్ని మనం పరీక్షించుకోవాలని చెబుతున్నాం.

ప్రమాదంలో తండ్రిని పోగొట్టుకున్న బిడ్డకు, నిజంగా ఆరోగ్యం చెడి పని చేయలేని తండ్రి కుటుంబానికి, ఆ ఉద్యోగం న్యాయమైన హక్కు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఇపి గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. అలాంటి కుటుంబాల కన్నీటికి ఏ ఉద్యోగమూ వెల కట్టలేదు.

కానీ తండ్రి ఆరోగ్యంగా ఉండగానే, ఆయన ఎప్పుడు ‘అన్‌ఫిట్’ అవుతాడా అని ఇల్లంతా ఎదురుచూడటం మొదలైతే ఏమవుతుంది? కొడుకు భవిష్యత్తు తండ్రి జబ్బుతో ముడిపడుతుంది. తండ్రి దగ్గితే అమ్మీకి భయం, కొడుకుకు ఆశ! ఇరవై అయిదేళ్ల యువకుడు వేరే ఏ పనీ నేర్చుకోకుండా ఏళ్ల తరబడి అడ్డా మీద కూర్చుంటాడు. అబ్బా తన ఆరోగ్యం తన బిడ్డకు అడ్డమని లోలోపల కుమిలిపోతాడు. ఇది తండ్రి మనసుకూ మంచిది కాదు, కొడుకు మనసుకూ మంచిది కాదు. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు వారి ముందు విసుగు మాట కూడా పలకవద్దనీ, వారి కోసం కరుణను అర్థించమనీ అల్లాహ్ ఆజ్ఞాపించాడు (బనీ ఇస్రాయీల్ 17:23–24). తండ్రి ఆయుష్షు కోసం దుఆ చేయవలసిన నాలుక, మనసులో మరొకటి కోరుకుంటే అది ఎంతటి దౌర్భాగ్యం!

లేని జబ్బును కాగితం మీద రాయించుకోవటానికి ఎవరైనా డబ్బు ఇస్తే, అది లంచం. లంచం ఇచ్చేవాణ్ణీ, తీసుకునేవాణ్ణీ దైవప్రవక్త (స) శపించారు (అబూదావూద్, తిర్మిజీ). అబద్ధపు సాక్ష్యాన్ని ఘోర పాపాల్లో చేర్చారు (బుఖారీ, ముస్లిం). ఆ పునాదిపై వచ్చిన జీతంలో బరకత్ ఎక్కడ ఉంటుంది? నిజంగా వ్యాధి ఉన్న ఇంకో కార్మికుడి హక్కుకు కూడా దానివల్ల దెబ్బ తగులుతుంది. పిల్లలకు మనం ఉద్యోగం ఇవ్వలేకపోవచ్చు. హరామ్ మాత్రం ఇవ్వకూడదు.

వేర్వేరు ద్వారాల నుంచి వెళ్లండి

హజ్రత్ యాఖూబ్ (అ) కుమారులు కరువు కాలంలో ధాన్యం కోసం ఈజిప్టుకు వెళ్లే సమయంలో, అందరూ ఒకే ద్వారం నుంచి కాక వేర్వేరు ద్వారాల నుంచి ప్రవేశించమని ఆయన చెప్పారు. అల్లాహ్ నిర్ణయాన్ని తాను తప్పించలేననీ, తన భరోసా ఆయనపైనే అనీ వెంటనే అన్నారు (12:67). దిష్టి తగలకుండా ఆయన ఆ జాగ్రత్త చెప్పారని వ్యాఖ్యాతలు రాశారు. తండ్రి తన తెలివి కొద్దీ జాగ్రత్త నేర్పి, ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించాలనే సూత్రం మాత్రం ఇందులో స్పష్టంగా ఉంది. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ కూడా ఇదే (తిర్మిజీ).

మన పిల్లల ముందు ఈ రోజు ఏయే ద్వారాలు ఉన్నాయి? 2022–23లో రామగుండంలోనే 150 ఎం.బి.బి.ఎస్. సీట్లతో వైద్య కళాశాల మొదలైంది. సెంటినరీ కాలనీలో 2010లో స్థాపించిన జె.ఎన్.టి.యు. మంథని ఇంజనీరింగ్ కళాశాల ఉంది. గని పనే ఇష్టమైతే కొత్తగూడెంలో మైనింగ్ చదువు ఉంది. బావిలో దిగటమే కాదు, బావిని నడిపే అధికారి కావటం కూడా ఒక ఆశే. పదో తరగతి తరువాత ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ ఉన్నాయి. 2016లో 71 మైనారిటీ గురుకులాలు మొదలై ఆ తరువాత 204కు పెరిగాయి. వాటిలో చదువు, భోజనం, వసతి ఉచితం. అర్హత ఉన్న ముస్లిం వర్గాలకు బి.సి.–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ 2007 చట్టంతో వచ్చింది. ఈ ధ్రువపత్రం సకాలంలో తీసుకోక సీటు పోగొట్టుకునే పిల్లలు ఉండకూడదు.

సచార్ కమిటీ 2006 నివేదిక ప్రకారం దేశంలో 6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడి ముఖం చూడనివారు లేదా మధ్యలో మానేసినవారు. ద్వారాలు లేకపోవటం ఒక కారణం. ఉన్న ద్వారాన్ని పిల్లవాడికి ఎవరూ చూపించకపోవటం మరో కారణం. మొదటి దానికి ప్రభుత్వాన్ని అడగాలి. రెండో దానికి మనమే జవాబు చెప్పుకోవాలి.

హజ్రత్ యూసుఫ్ (అ) ఈజిప్టులో ఖజానా బాధ్యత అడిగినప్పుడు తన వంశం పేరు చెప్పలేదు. కాపాడే నిజాయితీ, తగిన జ్ఞానం తనకు ఉన్నాయని చెప్పారు (12:55). వారసత్వం అందకపోయినా ఈ రెండూ ఉన్నవాడు ఎక్కడైనా నిలబడగలడు.

ఆడపిల్లలకు కూడా ఆశలుంటాయి

కొన్ని ఇళ్లలో ‘నువ్వేం కావాలనుకుంటున్నావు’ అనే ప్రశ్న కొడుకునే అడుగుతారు. కూతురిని ఎవరూ అడగరు. ఇద్దరు ఆడపిల్లలను యుక్తవయసు వచ్చేవరకు పోషించి పెంచినవాడు ప్రళయదినాన తనతో ఇలా ఉంటాడని దైవప్రవక్త (స) తన వేళ్లను కలిపి చూపించారు (ముస్లిం). ఆయన పవిత్ర సతీమణి హజ్రత్ హఫ్సా (రజి)కు రాయటం నేర్పింది షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అనే మహిళ. గొప్ప గొప్ప సహాబీలు హజ్రత్ ఆయిషా (రజి) దగ్గరికి వచ్చి సందేహాలు తీర్చుకునేవారు. మర్యాద, హయా నేర్పుతూనే చదువు నేర్పటం మన ధర్మ సంప్రదాయం. కాబట్టి కూతురి ఆశను కూడా అంతే శ్రద్ధగా వినాలి.

ఆశ నెరవేరనప్పుడు

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పిల్లలకు ఆశ లేక కాదు. ఉన్న ఒక్క దారి మూసుకుపోతే మరో దారి ఉందని వారికి ఎవరూ నమ్మకంగా చెప్పలేకపోయారు. మిమ్మల్ని మీరు చంపుకోవద్దని అల్లాహ్ ఆదేశించాడు. ఆ వెంటనే తాను మీ పట్ల కరుణామయుడనని తెలిపాడు (నిసా 4:29). ఆ ఆదేశం వెనుక ఉన్నది కోపం కాదు, కరుణ. తప్పిన పిల్లవాడితో మాట్లాడేటప్పుడు మన నాలుకపై కూడా ఆ కరుణే ఉండాలి.

హజ్రత్ యూసుఫ్ (అ)ను సొంత అన్నలే బావిలో పడేశారు. బావి నుంచి బానిసత్వానికి, అక్కడి నుంచి చెరసాలకు వెళ్లారు. కల నిజం కావటానికి చాలా ఏళ్లు పట్టింది. హజ్రత్ మూసా (అ) ఊరు వదిలి, చేతిలో ఏమీ లేక, మద్‌యన్ బావి దగ్గర నీడలో కూర్చుని, తన ప్రభువు పంపే ఏ మేలుకైనా తాను అక్కరగొన్నవాడినని వేడుకున్నారు. ఆశ్రయం, పని, కుటుంబం అక్కడే లభించాయి (ఖసస్ 28:24–28). ఈ గాథలు పిల్లలకు ఫలితాల రోజు కాదు, ముందే చెప్పాలి.

హజ్రత్ యాఖూబ్ (అ) దుఃఖంతో కళ్లు తెల్లబడినా, తన బాధను అల్లాహ్‌కే చెప్పుకున్నారు. కుమారులతో, వెళ్లి యూసుఫ్‌ను వెతకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దు అన్నారు (12:86–87). ఏడవటం నిరాశ కాదని ఇందులో తెలుస్తుంది. వెతకటం మానేయటమే నిరాశ. పిల్లవాడు నిద్ర, తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే అది ఈమాన్ లోపమని నిందించవద్దు. పక్కన కూర్చోండి, ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చూపించండి. టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. వైద్యం చేయించుకోవటం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు.

ఇంట్లో ఆచరించవలసినవి

1. వారానికి ఒకసారైనా పిల్లల మాట వినటానికి కూర్చోండి. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే తండ్రికి ఇది కష్టమే. అయినా ప్లేడే రోజు అస్ర్ నమాజ్ తరువాత అరగంట వారికి కేటాయించవచ్చు. అబూ ఉమైర్ అనే చిన్నపిల్లవాడిని అతని బుల్లి పిట్ట ఏమైందని దైవప్రవక్త (స) స్వయంగా పలకరించారు (బుఖారీ, ముస్లిం).

2. ఆశను ఎగతాళి చేయవద్దు, ఇతరుల పిల్లలతో పోల్చవద్దు. మీ తీరని కోరికను వారిపై రుద్దవద్దు. దైవాజ్ఞ విషయంలో కూడా హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) తన కుమారుడిని నీ అభిప్రాయం ఏమిటని అడిగారు (సాఫ్ఫాత్ 37:102).

3. ప్రతి ఆశకూ కనీసం రెండు దారులు కాగితంపై రాయించండి. ఈ నెల వేయవలసిన మొదటి అడుగు ఏమిటో కూడా రాయించండి.

4. ఇంటి ఆదాయం, అప్పు ఎంతో పెద్ద పిల్లలకు తెలియనివ్వండి. లాభాల వాటా, బోనసు డబ్బులో కొంత చదువుకు ముందే పక్కన పెట్టండి. వారసులను ఇతరుల ముందు చేయి చాపే స్థితిలో వదలటం కంటే కలిగినవారిగా వదలటం మేలని హజ్రత్ సఅద్ (రజి)కు ప్రవక్త (స) చెప్పారు (బుఖారీ, ముస్లిం).

5. మస్జిదు కమిటీలు ఏడాదికి ఒకసారి చదువుకున్న యువకులను పిలిచి, పదో తరగతి పిల్లలకు దారి చెప్పించాలి.

6. పిల్లల పేరు పెట్టి, వారు వింటుండగా దుఆ చేయండి. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) బాలుడిగా ఉన్నప్పుడు ధర్మ అవగాహన ప్రసాదించమని ప్రవక్త (స) ఆయన కోసం దుఆ చేశారు. ఆయన ఖుర్ఆన్ వ్యాఖ్యానంలో మహా పండితుడయ్యారు.

చివరి ఆశ

అధికారం, కుటుంబం, గౌరవం అన్నీ దక్కాక హజ్రత్ యూసుఫ్ (అ) ఏం కోరారు? విశ్వాసిగా మరణం ప్రసాదించమని, సజ్జనులలో చేర్చమని వేడుకున్నారు (12:101). మన పిల్లలు డాక్టర్లు కావచ్చు, ఫిట్టర్లు కావచ్చు, బావిలోనే దిగవచ్చు, చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. ఆ పనులన్నీ మజిలీలు. గమ్యం మాత్రం అల్లాహ్ ప్రసన్నత. ఈ గమ్యం మనసులో నాటుకున్న పిల్లవాడికి ఒక పరీక్ష పోతే జీవితమే పోయినట్లు అనిపించదు.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కళ్లకు చలువగా చెయ్యి. బావుల్లో దిగే మా సోదరులను క్షేమంగా ఇళ్లకు చేర్చు. మా పిల్లల ఆశలను హలాల్ మార్గంలో నెరవేర్చు. నెరవేరని చోట వారి మనసులకు సబ్ర్, మరో మంచి దారి ప్రసాదించు. ఆమీన్.